రాజవ్వ కథ రాస్తున్న రోజులు

25 ఆగస్టు 2024, ఆదివారం, కరీంనగర్

పొద్దుగాల లేచి రాజవ్వ కథ మళ్ల ముందటేసుకున్న. మొదటి పేజీల ఒక వాక్యం నన్ను ముందటికి పోనిస్తలేదు. రాజవ్వ సిరిసిల్లల బీడీలు చేస్తది. మొగడు సాంచాల (మరమగ్గాల) మీద పని. సాంచాలు బందయినయి, ఇంట్ల పైసలు లేవు. ‘రాజవ్వ తీవ్ర మనోవేదనకు గురైంది’ అని రాస్తే పేపర్ల వార్త అయితది. ‘చాలా బాధపడింది’ అంటే ఆ వాక్యం ఎవల గురించైనా రాయొచ్చు, రాజవ్వే ఉండాలని లేదు.

మన దిక్కు ఈ ఒక్క తావుల ఎన్ని మాటలున్నయో కాయితం మీద రాసుకున్న. గోస, రంది, బుగులు, తండ్లాట, యాష్ట. ఒకదాని తావుల ఇంకోటి పెట్టరాదు. గోస పక్కోళ్లకు కనవడుతది. ‘దాని గోస చూడలేకపోతున్న’ అంటరు. బుగులు రాబోయేదాని గురించి. అప్పిచ్చినాయన వాకిట్లకొస్తడని బుగులు. తండ్లాటల మనిషి ఊకోడు, చేతులు కాళ్లు ఆడిస్తనే ఉంటడు. యాష్ట ఇగ నాతోని కాదన్నకాడ వస్తది. రంది మాత్రం లోపల్నే ఉంటది. బువ్వ తిననియ్యది, ఎవలకూ చెప్పుకోనియ్యది.

రాజవ్వ చెప్పుకునే మనిషి కాదు. అందుకే రంది అని రాసిన. ఆ మాట పడ్డంక దాని వెనుక ఉన్న రెండు వాక్యాలతోని పని లేకపోయింది, కొట్టేసిన. మాట సరిగ్గ కుదిరిందని నేను ఆనవాలు పట్టేది దీంతోనే. పక్కనున్న వివరణ దానంతటదే రాలిపోతది.

1 సెప్టెంబర్, ఆదివారం

రాత్రి నుంచి ఒక్కతీరు వాన. ఖమ్మంల మున్నేరు పొంగి ఇండ్లల్లకు నీళ్లొచ్చినయని టీవీల చూపిస్తున్నరు. చూస్తుంటే మనసు మనసుల లేదు.

మాపటికి నలిమెల భాస్కర్ గారి ‘తెలంగాణ పదకోశం’ తీసిన. 2003ల మొదట అచ్చయింది. ఆయనది సిరిసిల్ల దిక్కు నారాయణపూర్. మలయాళం నుంచి ‘స్మారక శిలలు’ నవలను తెలుగు చేసినందుకు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఎన్నో భాషలు నేర్చిన మనిషి కూసొని అవ్వలు, అయ్యలు మాట్లాడే మాటలు ఒక్కొక్కటి ఏరిపెట్టిండంటే దండం పెట్టాలనిపిస్తది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం కూడ పక్కన పెట్టుకున్న. వ్యవసాయ పదాల సంపుటం 1962ల, చేనేత పదాల సంపుటం 1971ల వచ్చినయి.

పదకోశం నుంచి మాట తీసి తిన్నగ కథల పెట్టొద్దని నా పట్టు. ఎన్నడో విన్నదాన్ని యాదికి తెచ్చుకునేటందుకు అయితే దానంత మేలు చేసే పుస్తకం ఇంకోటి లేదు. విననే వినని మాటను కథల ఇరికిస్తే అది అడిగి తెచ్చుకున్న నగ తీరు మెరుస్తది, చదివెటోళ్ల కన్ను రాజవ్వ మీదికెళ్లి దాని మీదికి పోతది. ఇంకోటి, చేనేత పుస్తకంల మగ్గం ఉన్నది. రాజవ్వ ఇంటికి కావాల్సింది సాంచా. సిరిసిల్ల పోవాలె.

9 సెప్టెంబర్, సోమవారం

కాళోజీ పుట్టినరోజు. తెలంగాణ భాషా దినోత్సవమని ఒక కాలేజీల మాట్లాడమంటే పోయిన. సభ అయిపోయినంక డిగ్రీ చదివే ఒక బిడ్డ వచ్చి, ‘సార్, మా అమ్మమ్మ మాట్లాడినట్టే కథ రాస్తే చదివెటోళ్లకు సమజయితదా?’ అని అడిగింది. ఇంకో బస్సు లేదని ఉరికింది, జవాబు చెప్పనియ్యలేదు. ఇంటికొచ్చినంక కూడ ఆ ప్రశ్న ఇడిచిపెడ్తలేదు.

పీవీ నరసింహారావు ‘గొల్ల రామవ్వ’ గురించి ఆలోచించిన. మారుపేరుతోని కాకతీయ పత్రికల వచ్చిన కథ. ముసలి రామవ్వ తన గుడిసెలకు వచ్చిన పోరాటగాణ్ని మనుమరాలి మొగడని చెప్పి పోలీసుల నుంచి కాపాడుతది. రామవ్వ నోట తెలంగాణ పలుకు, కథ చెప్పేకాడ పుస్తకాల తెలుగు. ఆ కాలంల ఆ పలుకు అచ్చుల కనవడుడే పెద్ద సంగతి. అక్కడికి వచ్చింది చాలనుకుని మనం ఆగొద్దని నా మాట. మనుషులు ఒక భాష, కథ చెప్పేటోడు ఇంకో భాష మాట్లాడుతుంటే చెప్పేటోడు కుర్చీల కూసున్నట్టు, మనుషులు కింద నిలబడ్డట్టు అయితది. రచయితకు ఆ ఉద్దేశం లేకున్నా అట్లనే వినవడుతది.

మంథని పక్కన గాజులపల్లిల పుట్టిన అల్లం రాజయ్య కథలు చదువుతుంటే ఈ ఎడం తక్కువ అనిపిస్తది. ‘కొలిమంటుకున్నది’ 1979ల వచ్చింది. ఎవుసం మాటలు, కూలి మాటలు, దొర ముంగట మనిషి వంగే తీరు, అన్నీ కథ నడిపే వాక్యాలల్లకే వచ్చినయి. సాహుతోని కలిసి ఆయన రాసిన ‘కొమురం భీం’ నవలది ఇంకా కష్టమైన లెక్క. జోడేఘాట్ గోండులు ఇంట్ల మాట్లాడేది గోండి, నవల ఉన్నది తెలుగుల. అక్కడ యాస పనికిరాదు. కొండలల్ల బతికే మనిషి ఏది ముందు చూస్తడు, ఏది లెక్కపెడ్తడు, దేనికి మొక్కుతడు అన్నది పట్టుకుంటెనే మాట కుదురుతది.

ప్రతి కథా యాసలనే ఉండాలని నేననను. కథ చెప్పేటోడు తహసీల్దారు అయితే దఫ్తర్ తెలుగే రావాలె. రాజవ్వ కథ చెప్పేటోడు ఆ వాడకట్టోడే. అందుకే మొత్తం కథ ఆ పలుకులనే ఉంటది.

13 సెప్టెంబర్, శుక్రవారం

బస్సుల సిరిసిల్ల పోయిన. బీవై నగర్ల సగం షెడ్లకు తాళాలు. నడుస్తున్న ఒక షెడ్డుల ఒకాయన సాంచాల నడుమ తిరుగుకుంటనే మాట్లాడిండు. కండె మార్చుడు, తెగిన పోగు ముడేసుడు, కన్ను ఎటో, చేతులు ఎటో. కూలి మీటర్ల లెక్క. ఎదురుంగ సాంచాల ఆసామి బీడీ తాగుకుంట గడప మీద కూసున్నడు. సాంచాలకు సంబంధించిన వైపని చేసేటాయన పని లేక పొద్దంత చాయ్ హోటల్ కాడనే ఉంటున్నడట.

నా కథల సాంచాల చప్పుడుకు చెవులు పగులుతున్నట్టు రాజవ్వకు అనిపిస్తది. ఆయనను అడిగిన, ‘ఈ చప్పుడుకు నిద్రెట్ల పడుతది అన్నా?’ అని. ‘చప్పుడుంటెనే పడుతది సారూ. రాత్రి కరెంటు పోయి బందయితె అందరం లేసి కూసుంటం’ అన్నడు.

చప్పుడు నాకు, బయటోనికి. వాళ్లకు బందయితెనే వినవడుతది. కథ మొదలు మారింది. రాజవ్వకు అర్ధరాత్రి మెలకువొస్తది, ఎందుకొచ్చిందో తెలువది, కొంత సేపటికి సాంచాలు ఆగినయని ఎర్కయితది. అప్పుడు ఆమెకు రంది పట్టుకుంటది. మాట అదే, కని ఇప్పుడు దాని ముందు ఒక రాత్రి ఉన్నది.

29 సెప్టెంబర్, ఆదివారం

రాసిన కథను పైకి చదివిన. ఫ్రాన్స్‌ల ఫ్లోబేర్ తను రాసిన వాక్యాలను గట్టిగ అరిచి చదువుకునేటోడట. ‘మదాం బోవరీ’ రాసుడుకు ఐదేండ్ల దాక పట్టింది. మన కరీంనగర్ కాలేజీకి 1959 నుంచి 1961 దాక ప్రిన్సిపాల్‌గ ఉన్న విశ్వనాథ సత్యనారాయణ నవలలు నోటితోని చెప్తుంటే వేరేటోళ్లు రాసుకునేటోళ్లు. ఒకాయన ఏండ్లకేండ్లు కొట్టేసుకుంట రాసిండు, ఒకాయన ఆగకుండ చెప్పిండు. ఇద్దరికీ చెవే పరీక్ష.

మా ఇంటామె చిన్నప్పుడు వాళ్లమ్మ పక్కన కూసొని బీడీలు చేసింది. ఆమెకు వినిపించిన. నడుమల ఆపి, ‘తునికాకు కత్తిరించుకుంట మాట్లాడేటామె ఇంత పొడుగు మాట మాట్లాడదు. కట్టకు ఇరవై ఐదు లెక్కపెట్టాలె. మాట తెగుతది, లెక్క అయినంక మళ్ల అందుకుంటది’ అన్నది. బీడీ కార్మికుల మీద బి.ఎస్. రాములు ‘బతుకుపోరు’ చదివి కూసున్న గని, ఈ తెగుడు నాకు చెప్పింది మా ఆమెనే. రాజవ్వ మాటలన్నీ ముక్కలు చేసిన. పెద్ద కొడుకును పట్నం పంపాలన్న మాట మూడు కట్టల నడుమ పూర్తయితది. ఆ జాగల కథ గట్టిపడ్డది.

10 అక్టోబర్, గురువారం, సద్దుల బతుకమ్మ

కథ అయిపోయింది. చివరి పేరాల సాంచాల కార్మికుల బతుకుల మీద నాలుగు వాక్యాలు ఉండె, తీసేసిన. ఆ కోపం నాదే, ఉండాల్సిందే. కథల రాజవ్వ ఆ మాట అనలేదు కనుక అది వ్యాసంల రాస్త.

కాలేజీల అడిగిన బిడ్డ అడ్రస్ వాళ్ల సార్ కాడ దొరికింది. ఉత్తరం రాసి కవరుల పెట్టిన. ఇట్ల రాసిన:

సమజయితది బిడ్డా. తెలువని మాట ఒకటి రెండు ఉన్నా, మనిషి ఏం చేస్తుందో కనవడితే చదివెటోళ్లు ఎంబడొస్తరు. మీ అమ్మమ్మ ఉన్నదన్నవు. ఈ దసరా సెలవులల్ల ఆమె పక్కన కూసో. నాట్లప్పటి సంగతులు, పెండ్లప్పటి సంగతులు అడుగు. ఆమె ఎట్ల చెప్తే అట్లనే, ఎక్కడ ఆగితే అక్కడ ఆపి, రాసుకో. దిద్దకు. కథ తర్వాత రాద్దువు గని, ముందు ఆ నోటుబుక్కు నింపు.