మంచు తిన్న నిప్పురవ్వ

రాత్రంతా కొబ్బరిచెట్ల కింద ఉన్న మా పాత ఓమ్నీ పొద్దున్నే స్టార్టవలేదు. అంతర్వేది వెళ్దామని అమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోదు.

అమ్మని దింపి ముందు సీటెత్తాను. ఆ 796 సీసీ ఇంజన్ ఉండేది దాని కిందే. ప్లగ్గు విప్పితే పెట్రోల్ తడి. అంటే పెట్రోల్ వస్తోంది, నిప్పురవ్వే లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపలంతా చెమ్మ! కోనసీమ మాఘమాసపు మంచు మరి. ఆ తడి మీదుగా కరెంటు పక్కదారి పట్టి ప్లగ్గు దాకా చేరదు. పొడి నూలుగుడ్డతో మూత, రోటరు, వైర్లు తుడిచి, ప్లగ్గు ఆరబెట్టి బిగించా. రెండో సెల్ఫ్‌కే అందుకుంది.

ఈ బండి తయారీ 2019లో ఆపేశారు. నాకు మాత్రం ఇదే కావాలి. సీటెత్తితే జబ్బు కంటికి కనిపిస్తుంది.

రాజోలులో టీకి ఆగి రాస్తున్నా. ఇంజన్ ఇంకా వెచ్చగా ఉంది.