రాళ్లకు అంకెలు వేసే ఉద్యోగం

"మావయ్యా, ఆ పచ్చనాచు మీద కాలెయ్యకు!" అని మా మేనకోడలు అరిచేసరికే నేను సగం జారాను. మిగతా సగం ఆవిడ ఆపింది.

వేల్స్ నైరుతి కొసన పెంబ్రోక్‌షైర్‌లో వెస్ట్ ఏంగిల్ బే అనే చిన్న సముద్రపు వంపు. అక్టోబరు ఉదయం, ఆటు వేళ. నీళ్లు వెనక్కి తీసి రాళ్ల మధ్య గుంటలు బయటపడ్డాయి. ఈ పిల్ల చేసే ఉద్యోగం ఏమిటని అడిగితే మా అక్క కాకినాడలో అందరికీ "మొక్కలు నాటే పని" అని చెబుతుంది. అసలు పని వేరు. ఓడలోంచి చమురు ఒలికితే ఏ ఒడ్డున ఏం చెయ్యాలో, ఒలకక ముందే రాసిపెట్టడం. ఎన్నేళ్లు రాసినా ఆ కాగితం వాడే రోజు రాకూడదని కోరుకునే ఉద్యోగం.

ఎదురుగా, మిల్‌ఫర్డ్ హేవెన్ రేవు ముఖద్వారానికి అవతల, సెయింట్ ఆన్స్ హెడ్ కొండ కనిపిస్తోంది. 1996 ఫిబ్రవరి 15 రాత్రి సీ ఎంప్రెస్ అనే ట్యాంకరు రేవులోకి వస్తూ అక్కడి రాళ్లకు తగిలింది. మొదట పోయింది రెండున్నర వేల టన్నులే. తరవాత గాలివానలో టగ్గులు దాన్ని అదుపు చెయ్యలేక, ఓడ మళ్లీ మళ్లీ రాళ్లకెక్కి, వారం తిరిగేసరికి 72 వేల టన్నుల ముడిచమురు సముద్రం పాలైంది. ఫిబ్రవరి కావడంతో పఫిన్ పక్షులింకా పక్కనున్న స్కోమర్ దీవికి గూళ్లు పెట్టడానికి రాలేదు. అదొక్కటే అదృష్టం. చలికాలం గడపడానికి కార్మార్థెన్ అఖాతానికి వచ్చిన స్కోటర్ అనే నల్ల బాతులకు ఆ అదృష్టం లేదు. అవి వేలల్లో చమురు బారిన పడ్డాయి.

"అందుకే నా మ్యాపుకి నెలలు కూడా ఉంటాయి," అంటూ సంచీలోంచి ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితం తీసింది. ఒడ్డు పొడుగునా రంగులు, అంకెలు. అలలు బాదే నిలువు బండకి 1, ఎందుకంటే సముద్రమే కడిగేస్తుంది. ఉప్పుగడ్డి పెరిగే బురద నేలకి 10, ఎందుకంటే అక్కడ దిగిన చమురు ఏళ్లు దాటినా పోదు.

"మన కోరంగి మడ అడవికి ఎంత వేస్తావే?"

"అదీ పదే మావయ్యా."

కాకినాడ తీరంలో పుట్టి, హోప్ ఐలాండ్ అవతల వెలిగే రిగ్గుల దీపాలు చూస్తూ పెరిగినవాణ్ని. ఆ జవాబు తరవాత కాసేపు మాట రాలేదు.

పదులన్నిటికీ అడ్డుకట్ట వేస్తే సరిపోతుంది కదా అన్నాను. నవ్వింది. అడ్డుకట్ట అంటే బూమ్, అంటే నీటిమీద తేలే పొడవాటి గొట్టం, దాని కింద పరికిణీలా వేలాడే రబ్బరు గుడ్డ. ప్రవాహం వేగం మనిషి నడకలో మూడో వంతుకి చేరితే చాలు, ఎదురుగా అడ్డం కట్టిన బూమ్ కిందనుంచి చమురు జారిపోతుంది. ఇక్కడేమో పెద్ద పోటుకీ ఆటుకీ నీటిమట్టం ఇంచుమించు 7 మీటర్లు తేడా. అందుకని ఏటవాలుగా కట్టి, చమురుని ఆపకుండా ఒక పక్కకి మళ్లిస్తారు. మళ్లించినది ఎక్కడో ఒకచోట ఒడ్డుకి చేరాలి. లారీ దిగగలిగే, తోడి ఎత్తగలిగే ఇసుక ఒడ్డు ఒకటి ఎంచాలి.

"అంటే ఒక ఒడ్డుని నువ్వే బలిస్తావన్నమాట."

"ముందే ఇస్తాను. ఆ రాత్రి కంగారులో ఎవరో ఇవ్వడం కన్నా నయం కదా?"

ఈ దేశం ఆ కంగారుకి తగిన మూల్యమే చెల్లించింది. 1967 మార్చిలో టోరీ కాన్యన్ ట్యాంకరు కార్న్‌వాల్ దగ్గర రాళ్లకెక్కితే, విమానాలు పంపి దానిమీద బాంబులు వేశారు. తీరం మీద సుమారు 10 వేల టన్నుల డిటర్జెంటు కుమ్మరించారు. చమురు అంటినా బతికిన నత్తలు ఆ సబ్బుకి చచ్చాయి. డిటర్జెంటు చల్లకుండా వదిలిన చోట రెండు మూడేళ్లలో కోలుకున్న రాళ్లు, కడిగినచోట పదేళ్లు దాటినా కోలుకోలేదు. గెర్న్‌సీ దీవిలో ఎత్తిన చమురుని ఓ పాత క్వారీలో పోస్తే, దశాబ్దాల పాటు అక్కడే పడి ఉంది. చెత్త ఎక్కడ పొయ్యాలో కూడా ప్లానులో రాయడం అందుకే. ఒలికిన దానికన్నా ఎత్తిపోసిన ఇసుకా నాచూ కలిసిన చెత్త కొన్నిసార్లు పది రెట్లు అవుతుందట.

ఇప్పుడు 20 మీటర్ల కన్నా లోతు తక్కువ ఉన్నచోట అనుమతి లేకుండా ఆ డిటర్జెంటు లాంటి మందులు చల్లకూడదు. ఇక పదో అంకె బురదనేలల దగ్గర ఆవిడ ప్లానులో చాలాచోట్ల ఉన్నది ఒకటే ముక్క: దిగొద్దు. బూట్లతో తొక్కితే పైనున్న చమురు వేళ్లలోకి దిగుతుంది. 2017 జనవరిలో చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు జనం బకెట్లతో చమురు తోడుతున్న ఫొటోలు గుర్తొచ్చాయి. ఆ మనుషుల కష్టాన్ని తక్కువ చెయ్యలేను. వాళ్ల చేతికి బకెట్ కాక ఇంకేం ఇవ్వాలో ముందుగా రాసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండేదనిపించింది. ఇక్కడ 1998 నియమాలతో రేవులు ఇలాంటి ప్లాను రాసి ఆమోదం పొందాల్సిందే. మరుసటేడాదే, ఓడ ప్రమాదంలో మంత్రుల జోక్యం లేకుండా ఆఖరి మాట చెప్పే ఒకే ఒక అధికారి పదవి పెట్టారు.

పోటు మొదలైంది. వెళ్లిపోయే ముందు ఒక గుంట మీదకి వంగి నన్నూ వంగమంది. చిటికెన వేలి గోరంత నక్షత్రచేప, ఆకుపచ్చ ఒంటి మీద గోధుమ రంగు చుక్క. గుడ్లని కాపలా కాసుకునే అరుదైన జాతి. సీ ఎంప్రెస్ తరవాత ఈ గుంటల్లో లెక్కకి మిగిలినవి 13. పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోకుండా పుట్టినచోటే పెరుగుతాయి కాబట్టి ఆ పదమూడింటి నుంచే మళ్లీ పుంజుకున్నాయట. అదే కారణంగా, అవి కూడా పోయుంటే బయటినుంచి వచ్చేవి లేవు.

తిరిగొస్తూ రేవు లోపలి వైపు ఇంకో చిన్న ఒడ్డు దగ్గర కారు ఆపింది. బలివ్వడానికి ఎంచినవాటిలో అదొకటి. దారికడ్డంగా ఒక పొలం గేటు. ప్లానులో ఉన్న పాత గేటు కాదిది, ఎవరో కొత్తది పెట్టారు. టేపు ఒక కొస నా చేతికిచ్చి రెండో కొస పట్టుకుని అవతలికి నడిచింది.

"సరిగ్గా పట్టుకో మావయ్యా, లారీ పట్టదేమో."

పట్టదు. జానెడు తక్కువైంది. బోనెట్ మీద కాగితం పెట్టుకుని పాత కొలత కొట్టేసింది.