సాగర్ చెప్పే నీటి పాఠం

ఓ పక్క నిండుకుండలాంటి జలాశయం. మరో పక్క గుక్కెడు మంచినీళ్ల కోసం దశాబ్దాలపాటు ఎదురుచూసిన పల్లెలు. నాగార్జున సాగర్ వెళ్తే రెండూ తెలుస్తాయి. బ్యాక్టీరియాతో కొత్త పనులు చేయించాలని పోటీపడే విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇంతకన్నా మంచి బడి ఎక్కడుంటుంది!

లాంచీ ఒడ్డు వదిలిన కాసేపటికే ఆనకట్ట వెనకబడుతుంది. చుట్టూ నీళ్లు, దూరంగా నల్లమల కొండలు, ఎదురుగా నాగార్జునకొండ. ఇప్పుడది ద్వీపం. ఒకప్పుడు దాని కింది లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ప్రాజెక్టు కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. అనుపులోని మెట్ల రంగస్థలం, విహారాల పునాదులూ చూస్తే పదిహేడు శతాబ్దాల కిందటి చదువులు కళ్లముందు కదులుతాయి. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళ ఆచార్యుల ప్రస్తావన ఉంది. కాశ్మీరం, గాంధారం, చీనా పేర్లూ ఉన్నాయి. దేశదేశాలతో చదువుల బంధం ఈ లోయకు కొత్తేమీ కాదన్నమాట.

కాలువ కింద పచ్చన... పైన?

1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ వెంట మిర్యాలగూడ, కోదాడ వైపు వెళ్తే కనుచూపు మేరా వరి పొలాలే, దారిపొడవునా రైసుమిల్లులే.

అదే హైదరాబాద్ నుంచి సాగర్‌కు వచ్చే దారిలో మర్రిగూడ, మునుగోడు వైపు తిరిగితే కథ వేరు. అది మెట్ట ప్రాంతం. కాలువ నీరు ఎక్కదు. ఉన్నది బోరు నీరే. కింది గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ ఆ నీటిలో కరుగుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పే. పళ్లు గారపడతాయి, ఎముకలు వంకరపోతాయి. ఆ నీళ్లు తాగిన పిల్లలు ఎందరో నడుం వంగిన పెద్దవాళ్లయ్యారు. కృష్ణా నీరు కుళాయిల్లోకి వచ్చాక పరిస్థితి చాలా మారింది. కానీ వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు కదా!

బ్యాక్టీరియాతో పోటీ

ఇలాంటి కష్టాలనే ప్రశ్నపత్రంగా తీసుకునే పోటీ ఒకటుంది. పేరు ఐజెమ్. 2003లో అమెరికాలోని ఎంఐటీలో చిన్న కోర్సుగా మొదలై, మరుసటి ఏడాది అయిదు జట్ల పోటీ అయింది. ఇప్పుడు నాలుగు వందలకు పైగా జట్లు వస్తున్నాయి. 2022 నుంచి ముగింపు వేడుక పారిస్‌లో జరుగుతోంది. మన దేశం నుంచి చెన్నై ఐఐటీ విద్యార్థులు 2008లోనే బరిలోకి దిగారు.

పిల్లలు బొమ్మల ముక్కలు పేర్చి ఇల్లు కట్టినట్టు, డీఎన్ఏ ముక్కలు పేర్చి సూక్ష్మజీవికి కొత్త పని నేర్పడమే సింథటిక్ బయాలజీ. జట్టులో చేరడానికి బయాలజీ విద్యార్థే కానక్కర్లేదు. లెక్కలు వేసేవాళ్లు, కంప్యూటర్ తెలిసినవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు... అందరికీ పనుంటుంది. ల్యాబ్‌లో కూర్చుంటే సరిపోదు. ఆ సమస్యతో బతికేవాళ్లను కలిసి మాట్లాడటాన్నీ న్యాయనిర్ణేతలు లెక్కలోకి తీసుకుంటారు.

2006లో ఎడిన్‌బరో విద్యార్థులు బంగ్లాదేశ్ బావులను దృష్టిలో పెట్టుకుని, నీటిలో ఆర్సెనిక్ ఉంటే ఆమ్లాన్ని విడుదల చేసే బ్యాక్టీరియాను తయారుచేశారు. మరి ఫ్లోరైడ్‌కో? దానికీ దారి దొరికింది. కొన్ని బ్యాక్టీరియాలు ఫ్లోరైడ్‌ను పసిగట్టి బయటికి తోసేస్తాయి. పసిగట్టే ఆ ఆర్ఎన్ఏ మీటను యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2012లో వెల్లడించారు. దాని ఆధారంగా నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓ పరీక్ష తయారుచేసి, కోస్టారికాలో బావుల దగ్గరే ప్రయత్నించారు. గొట్టంలోని పొడిలో నీటి చుక్క వేయాలి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపు రంగు! అందులో బతికున్న బ్యాక్టీరియా ఉండదు, దాని కణాల్లోని సరుకే ఉంటుంది. అందుకే మార్పు చేసిన సూక్ష్మజీవులు బయటపడతాయన్న భయం లేదు.

అయితే పరీక్ష ప్రమాదాన్ని చెబుతుందే తప్ప దాహం తీర్చదు. ఆ రెండో పనికి ఈ జిల్లా ఎప్పుడో పేరిచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే విధానాన్ని 1970ల్లో నాగ్‌పూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ పద్ధతి’ అనే పిలుస్తుంది. ఏ ఊరి కష్టమో తెలిశాకే ఆ మందు పుట్టింది. కొత్తగా జట్టులో చేరే విద్యార్థి ముందుగా నేర్చుకోవాల్సిందీ అదే... ల్యాబ్ తలుపు తీసేలోపు ఏదో ఓ ఊరి బోరు దగ్గర కాసేపు నిలబడాలి.

వెళ్లాలంటే: హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. దగ్గర్లోని రైల్వేస్టేషన్ మాచర్ల. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. వానలు బాగా పడి గేట్లెత్తిన రోజుల్లో ఆ హోరు చూసి తీరాల్సిందే. తిరుగు ప్రయాణంలో పిల్లలకు మర్రిగూడ కథ కూడా చెప్పండి.