తూకం కాదు, మందం చూడాలి

ఎముక లేని బీఫ్ రిబ్స్ పొగలో కాల్చడానికి పౌనుకు ఇన్ని గంటలని లెక్క చెప్పేవాళ్లు మా ఆస్టిన్‌లో చాలామంది ఉన్నారు. ఆ లెక్కను నేను ఒప్పుకోను. వేడి పైనుంచి ముక్క నడిమధ్యకు చేరాలి. ఎంత లోతుకు చేరాలన్నదాన్ని బట్టే టైము. నాలుగు ముక్కలు పెట్టినా ఎనిమిది పెట్టినా, మందం ఒకటే అయితే పట్టే టైమూ దాదాపు ఒకటే. అందుకే మాంసం కొనేటప్పుడు తూకం చీటీ కన్నా ముందు ముక్క మందం చూస్తాను. అన్నీ ఒకే మందంలో ఉన్న ప్యాకెట్టే తీసుకుంటాను.

ఇక్కడ ఎముక లేని బీఫ్ రిబ్స్ పేరుతో అమ్మేది చాలావరకు పక్కటెముకల దగ్గరిది కాదు, భుజం మాంసాన్ని పొడుగ్గా కోసింది. కష్టపడిన కండ కాబట్టి అందులో కొలాజెన్ ఎక్కువ. అది కరిగి జెలటిన్ కావాలంటే వేడి ఒక్కటే చాలదు, వ్యవధి కూడా కావాలి. స్మోకర్ 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలకడగా ఉంటే, రెండంగుళాల ముక్కకు నేను ఐదు గంటలు వేసుకుంటాను. 225 దగ్గరైతే ఇంకో గంట.

మధ్యలో ఒక చోట లెక్క ఆగిపోతుంది. లోపలి వేడి 150, 160 దాటాక థర్మామీటర్ ముల్లు గంటసేపు కదలకపోవచ్చు. మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే, పైకి ఊరిన తేమ ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంటుంది. అప్పుడు కట్టెలు ఎగదోయకండి. ముక్కలు బాగా ముదురు రంగుకు వచ్చి ఉంటే ట్రేలో సర్ది, గరిటెడు మాంసం రసం పోసి, ఫాయిల్‌తో బిగించండి. ఎముక అండ లేని ముక్క నాలుగు వైపులా ఎండుతుంది కాబట్టి దీనికి ఆ మూత తప్పనిసరి.

ఇక మసాలా సంగతి. ఇక్కడికి దగ్గర్లోనే లాక్‌హార్ట్ ఉంది. అక్కడి క్రైట్స్ మార్కెట్ 1900లో మాంసం కొట్టుగా మొదలైంది. అక్కడి సెంట్రల్ టెక్సాస్ పద్ధతిలో పోస్ట్ ఓక్ కట్టెల పొగ, ఉప్పు, మిరియాలే ముఖ్యం. నేనూ మసాలా జోలికి పోను.

కరీంనగర్‌లో అమ్మ పెద్దకూర పొయ్యి మీద పెట్టి, ముక్కను వేళ్లతో నొక్కి చూసి దించేది. ఇక్కడా చివరి మాట చేతిదే. 195 దాటగానే పుల్లతో గుచ్చడం మొదలుపెడతాను. 203 దగ్గర చాలా ముక్కలు మెత్తబడతాయి, కొన్ని ఇంకా బిగుసుకునే ఉంటాయి. అన్నానికైతే ఒక్క మెతుకు పట్టుకుంటే సరిపోతుంది, వీటిని మాత్రం ఒక్కొక్కటీ గుచ్చి చూడాల్సిందే. మెత్తబడినదాన్ని తీసేస్తూ పోవాలి.

"అన్నా, ఎన్నింటికి రావాలె?" అని దోస్తులు అడిగితే, ఏడింటికని చెప్పి వెనక్కి లెక్కేసుకుంటాను. ఐదు గంటలు పొగకు, గంట విశ్రాంతికి, గంట చేతిలో. అంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా మాంసం లోపల ఉండాలి. ముందే అయిపోతే నష్టం లేదు. ట్రేను తువ్వాళ్లలో చుట్టి ఖాళీ కూలర్‌లో పెడితే వేడిగానే ఉంటుంది, 140కి తగ్గకుండా చూసుకుంటే చాలు. పిల్లలతో ఆకలి మీద వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఇంకో గంట అనడం నాకు బొత్తిగా ఇష్టం ఉండదు. బీఫ్ తిననివాళ్లకు వేరే గ్రిల్, వేరే పటకారు, చికెన్, మొక్కజొన్న పొత్తులు.

ట్రేలో మిగిలిన రసం పారబోయకండి. పైన తేలిన కొవ్వు తీసేసి, వేడి అన్నంలో పోసుకుని, పచ్చి ఉల్లిపాయ నంజుకోండి. మా ఇంట్లో మాంసం కన్నా ముందు అదే అయిపోతుంది.