మోప్కాలో మూడు రాత్రులు

విశాఖపట్నంలో రాత్రి కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్‌ల మీదుగా మరునాడు బిలాస్‌పూర్ చేరుకున్నాము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఇక్కడి రైల్వే కొలువులకు మన ఆంధ్రులు వస్తూనే ఉన్నారు. కాలనీలలో నడుస్తుంటే ఏదో ఒక వాకిట తెలుగు చెవిన పడక మానదు. మా బావగారు గూడ్సు గార్డుగా పదవీ విరమణ చేసి, సీపత్ రోడ్డు వైపు మోప్కాలో ఇల్లు కట్టుకున్నారు.

ఆయనకు నిద్ర లేదు. ఏళ్ల తరబడి బ్రేకువానులో మేల్కొన్న మనిషికి ఇంట్లోనూ అదే ప్రాప్తి. పట్టాలు కంటికి కనబడవు. అయినా అర్ధరాత్రి బొగ్గు బండి కదిలితే పడకగదిలో ఒక మంద్రధ్వని నిండుతుంది. చెవికంటె ముందు రొమ్ముకు తెలుస్తుంది. అలమరలో స్టీలు గ్లాసులు సన్నగా మోగుతాయి.

క్రిందటి పర్యాయం మా సలహా మీదనే గోడలకు థర్మోకోల్ పలకలు అంటించారు. పింఛను డబ్బు కరిగింది గాని ధ్వని కరగలేదు. ఇంజనీరు మాట కదా అని నమ్మారాయన! ఆ సిగ్గుతో ఈసారి లెక్క వేసుకొని వెళ్లాము. గది పొడవు 12 అడుగులు. ఆ పొడవుకు సహజమైన తొలి పౌనఃపున్యం దాదాపు 47 హెర్ట్జులు, తరంగదైర్ఘ్యం 7 మీటర్ల పైమాట. అంగుళం మందం పలక దానికి దోమతెర వంటిది. అట్టి ధ్వనిని పట్టాలంటే దానితోపాటు ఊగే వస్తువు కావాలి. తలవైపు గోడకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, వెనుక 22 సెంటీమీటర్ల మూసిన గాలి, అందులో కొంత రాక్‌వూల్. పలక ఊగుతుంది, ఆ శక్తి లోపల రాపిడికి వేడిగా మారుతుంది. వడ్రంగి రెండు రోజులలో బిగించాడు.

"లోడు బండికి తగ్గిందోయ్. ఖాళీ బండి మామూలే," అన్నారు బావగారు మరునాటి ఉదయం. చీకటిలో విని లోడో ఖాళీయో చెప్పగల చెవులవి. నిజమే. గది వెడల్పు 10 అడుగులు, దానికి 56 హెర్ట్జులు. మా పలకకు వచ్చినది ఒక్క స్వరమే.

ఈ లోపానికి ఫ్రాన్సులోని మార్సెయ్ పరిశోధకులు కోష్లాన్, హెర్జోగ్, మత్తేలు 2006లో ఒక మార్గం చూపారు. పలుచని రబ్బరు పొర ఎంత ఎక్కువగా ఊగితే అంత బిగుసుకుంటుంది. బిగువుతో దాని పౌనఃపున్యమూ మారుతుంది. కనుక ఎదుటి స్వరాన్ని తానే వెతుక్కొని శక్తిని గ్రహిస్తుంది. అయితే ధ్వని ఒక మేర దాటితేనే ఆ పొర మేల్కొంటుంది. ఆ మేర పడకగదులలో అందేది కాదు.

ఇది వివరించగా బావగారు, "అంటే బండి మన వాకిట్లోకి వస్తేగాని పనిచేయదన్నమాట!" అని నవ్వారు.

బయలుదేరే రోజు తెల్లవారుజామున ఒక లోడు బండి వెళ్లింది. బావగారు కదలలేదు. పెట్టె సర్దుతున్న మమ్మల్ని చప్పుడు చేయవద్దని అక్కయ్య సైగ చేసింది.