నడక ముగిసిన తరువాత 64 ఏళ్ళు



బైబిలు కొనుక్కోవడానికి చెప్పులు లేని కాళ్ళతో నడిచి వెళ్ళిన మేరీ జోన్స్ కథ మన ఆదివారపు బడి పిల్లలకు బాగా తెలుసు. ఆ కథ ఎప్పుడూ ఒకచోటనే ముగుస్తుంది. పదిహేనేళ్ళ పిల్ల బైబిలును గుండెకు హత్తుకొని ఇంటిదారి పడుతుంది. మనము ఒక కీర్తన పాడుకొని లేస్తాము. అయితే ఆ పిల్ల అటుతరువాత ఇంకా 64 సంవత్సరాలు బ్రతికింది. పెండ్లి చేసుకుంది, బిడ్డలను కన్నది, విధవరాలైంది, ఎనభై ఏళ్ళ ముసలమ్మ అయి కన్ను మూసింది. ఆ 64 ఏళ్ళ సంగతి చెప్పేవారు తక్కువ. ఆమె బ్రతికిన లోయలోనికి ఈ నెల మనము మనస్సుతో ప్రయాణమై వెళ్ళి, ఆ సంగతి తెలుసుకుందాము.

బ్రిటను ద్వీపములో పడమటి వైపున ఉన్న కొండల దేశము వేల్స్. ఆ దేశపు సొంత భాష వెల్ష్. అది ఇంగ్లీషుకు యాస కాదు, వేరే భాష. ఆ దేశపు ఉత్తర భాగములో కాదర్ ఇద్రిస్ అనే కొండ ఉంది. ఎత్తు 893 మీటర్లు. దాని దక్షిణపు అంచున, డిసిన్ని నది పారే లోయలో, లాన్‌విహాంగెల్ అనే చిన్న పల్లె ఉంది. మిఖాయేలు పేరిట కట్టిన గుడి గల ఊరు అని ఆ పేరుకు అర్థము. రాతి గుడి, దాని చుట్టూ సమాధులు, రాతి గోడల మధ్య మేసే గొర్రెలు, తరచుగా వాన. దగ్గరలోనే వెల్ష్ రాజులు 13వ శతాబ్దములో కట్టిన ఒక కోట శిథిలాలు ఉన్నాయి. కొంచెము దిగువన ఒక పెద్ద బండ మీద నీటికాకులు గూళ్ళు కట్టుకుంటాయి. అవి సముద్రపు ఒడ్డున ఉండవలసిన పక్షులు. ఒకప్పుడు సముద్రము అంతవరకు వచ్చేది. నీరు వెనుకకు తీసినా పక్షులు తమ చోటు విడువలేదు.

గుడి దాటి కొంచెము పైకి నడిస్తే, ఏటి ఒడ్డున మొండి గోడలు మిగిలిన ఒక ఇల్లు కనబడుతుంది. మధ్యలో ఒక రాతి స్తంభము నిలబెట్టారు. మేరీ జోన్స్ పెరిగిన ఇల్లు అదే. గోడల కొలత చూస్తే మన పల్లెల్లో ఒంటి గది పెంకుటింటి కంటె పెద్దది కాదు. తలిదండ్రులు జేకబ్, మేరీ. ఇద్దరూ మగ్గము మీద బ్రతికినవారే. మనకు చీరాలలో, మంగళగిరిలో నూలు నేసినట్టే అక్కడ గొర్రె ఉన్ని నేసేవారు. మేరీ 1784 డిసెంబరు 16న పుట్టింది. ఆమె చిన్నతనములోనే తండ్రి చనిపోయాడు. తల్లీ కూతురూ మాత్రమే మిగిలారు.

ఆ లోయలో జోన్స్ అనే పేరు గలవారు చాలామంది. పూర్వము వెల్ష్ వారికి మనలాగా ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే బిడ్డకు తోక పేరు. అందుచేత ఊరివారు ఆమెను జేకబ్ కూతురని గుర్తుపట్టేలా మారి జేకబ్ అని పిలిచేవారట. తండ్రి లేకపోయినా ఆయన పేరు కూతురి వెంట నడిచింది.

వెల్ష్ భాషలో బైబిలు 1588లోనే వచ్చింది. కాని పేదవారి చేతికి అందేది కాదు. బాలా పట్టణపు సేవకుడు థామస్ చార్లెస్ గారు పల్లెపల్లెకు ఉపాధ్యాయులను పంపి, కొన్ని నెలలపాటు బడి నడిపించి, తరువాత వేరొక ఊరికి మార్చేవారు. అలాంటి బడిలోనే మేరీకి చదువు వచ్చింది. చదువు వచ్చాక చదువుకోవడానికి గ్రంథము లేదు. రెండు మైళ్ళ దూరములో ఉన్న ఒక రైతు ఇంటికి వెళ్ళి, వారి బైబిలు చదువుకొని వచ్చేదట. ఏళ్ళ తరబడి కాసు కాసు కూడబెట్టి, 1800లో కొండదారిన సుమారు 40 కిలోమీటర్లు నడిచి బాలా చేరింది. ఇంతవరకు మనకు తెలిసిన కథే.

ఇంటికి వచ్చిన తరువాత ఏమి జరిగింది? మగ్గము అలాగే ఉంది. పేదరికమూ అలాగే ఉంది. బైబిలు వచ్చినంత మాత్రాన ఇంట ధాన్యము పెరగలేదు. 1813లో ఆమె థామస్ లూయిస్ అనే నేతగానిని పెండ్లాడింది. తరువాత లోయ దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న బ్రిన్‌క్రిగ్ అనే పల్లెలో కాపురమున్నారు. ఆరుగురు బిడ్డలు పుట్టారు. వారిలో ఎక్కువమందిని ఆ తల్లి తన కళ్ళముందే మట్టికి అప్పగించింది. ఒక కుమారుడు అమెరికాకు వలస వెళ్ళాడు. ఆ రోజుల్లో ఓడ ఎక్కిన బిడ్డను తల్లి మళ్ళీ చూడడము అరుదు. భర్త కూడా ఆమె కంటె ముందుగానే పోయాడు.

ప్రియులారా, ఇక్కడ మనము ఒక్క క్షణము ఆగాలి. వాక్యమును అంతగా ప్రేమించిన స్త్రీకి ఇన్ని సమాధులేమిటి అని ఎవరైనా అడుగవచ్చు. మన సంఘాలలోనూ బిడ్డను పోగొట్టుకున్న తల్లిని చూచి, ఏదో పాపము దాచి ఉంటుందని గుసగుసలాడేవారున్నారు. వారికి మేరీ జీవితమే జవాబు. దేవుని వాక్యము శ్రమను తప్పించే తాయెత్తు కాదు. శ్రమలో తోడుండే దీపము.

ముసలితనములో ఆమె తేనెటీగలను పెంచేది. తేనె అమ్మగా వచ్చినది ఇంటి ఖర్చుకు. మైనము అమ్మగా వచ్చినది బైబిలు సొసైటీకి, మిషను పనికి కానుక. చైనా దేశానికి పది లక్షల కొత్త నిబంధనలు పంపాలని 1850లలో చందా ఎత్తినప్పుడు ఆమె అర సవరను బంగారు నాణెము, అంటే పది షిల్లింగులు, ఇచ్చిందని చెబుతారు. ఒంటరి విధవరాలికి అది చిన్న మొత్తము కాదు.

ఆమె ఆయుష్షు పొడవున దేవుడు ఏమి చేశాడో లెక్క వేయండి. వెల్ష్ వారి బైబిలు కరవును చార్లెస్ గారు లండనులోని పెద్దల ముందు పెట్టిన మీదట, 1804లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ ఏర్పడింది. అప్పుడు మేరీకి 19 ఏళ్ళు. విశాఖపట్నములోని మిషనరీల శ్రమ ఫలితముగా తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. 1854 నాటికి పూర్తి తెలుగు బైబిలు వచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్బై నిండవచ్చాయి. బ్రిన్‌క్రిగ్‌లో తేనెపట్ల నడుమ కూర్చున్న ఆ అవ్వకు గోదావరి ఎక్కడో, కృష్ణ ఎక్కడో తెలిసి ఉండదు. అయినా మన తాతల చేతికి వాక్యము వచ్చిన ఆ ఏళ్ళు ఆమె బ్రతికిన ఏళ్ళే.

1864 డిసెంబరులో ఆమె నిద్రించింది. బ్రిన్‌క్రిగ్‌లోని ప్రార్థనా మందిరపు ఆవరణలో సమాధి ఉంది. ఆమె బైబిలు నేటికీ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయములో భద్రముగా ఉంది. అందులో ఆమె స్వహస్తముతో వ్రాసుకున్న మాటలున్నాయి. తాను ఎప్పుడు పుట్టినదీ, ఎన్నో ఏట ఆ గ్రంథము కొన్నదీ, ఎవరి కుమార్తె అయినదీ వ్రాసి, ప్రభువు కృప కొరకు ప్రార్థించింది. ఆస్తి పత్రము లేని ఆ కుటుంబానికి మిగిలిన చరిత్ర అంతా దాదాపు ఆ కొద్ది పంక్తులే. అవి లేకపోతే జేకబ్ అనే పేద నేతగాడు ఎవరికి గుర్తుండేవాడు?

మన పల్లెల్లోనూ అలాంటి అవ్వలున్నారు. మన కుటుంబములో మొట్టమొదట ప్రభువును నమ్మినది ఎవరో, ఏ చెరువులో, ఏ ఏటిలో బాప్తిస్మము పొందారో, అందుకు ఎవరు వెలివేశారో, ఎవరు ఆదరించారో వారికే తెలుసు. తిమోతి విశ్వాసమును గూర్చి వ్రాసేటప్పుడు పౌలు అవ్వయైన లోయి పేరు, తల్లియైన యునీకే పేరు మరువలేదు. మనమో, ముత్తవ్వ పేరు అడిగితే తడుముకుంటాము.

కనుక ఈ నెలలో ఒక సాయంకాలము మీ ఇంటి పెద్దమ్మ దగ్గర కూర్చోండి. ఆమె చెప్పినది మీ కుటుంబపు బైబిలులోని ఖాళీ పేజీ మీద వ్రాయండి. పేర్లు, ఊళ్ళు, తెలిసిన సంవత్సరాలు. పసితనములోనే పోయిన బిడ్డల పేర్లు కూడా వ్రాయండి. తల్లి వారిని లెక్కలో నుండి ఎన్నడూ తీసివేయలేదు. ఆమెకు చదువు రాకపోతే మనుమరాలు వ్రాయవచ్చు. క్రింద ఆమె వేలిముద్ర వేయించండి.