క్రొత్త కథకు పాత చుట్టములు

సంస్కృత నాటకమునందు సూత్రధారుఁడు ముందుగా రంగమునకు వచ్చి, పాత్రప్రవేశమునకు దారి చూపి తప్పుకొనును. అమెరికా టెలివిజనులోని 'స్టార్ ట్రెక్' అను శాస్త్రకల్పనా కథలవారును ఇట్టి మర్యాదనే పాటించిరి. ఒక ధారావాహికనుండి మఱొకటి పుట్టినప్పుడు, పిల్లకథ తొలి ప్రదర్శనమునకు తల్లికథలోని పాత్ర యొకటి చుట్టపుచూపుగా వచ్చి పోవును.

1987లో 'ది నెక్స్ట్ జనరేషన్' ఆరంభమునకు వచ్చినవాఁడు 1966 నాఁటి తొలికథలోని ఓడవైద్యుఁడు మెకాయ్. ఇప్పుడాతఁడు 137 ఏండ్ల వృద్ధుఁడు. డిఫారెస్ట్ కెల్లీయే మరల ఆ వేషము ధరించెను. మనుష్యుని అణువులుగా విడదీసి పంపెడి యంత్రమును ముసలివాఁడు నమ్మఁడు. సాగనంప వచ్చిన డేటా యను యంత్రపురుషుని మాటతీరు విని, వల్కనువానివలె నున్నావని గొణుగును. ఓడ క్రొత్తదైనను పేరు సరియైనదేయని తృప్తిపడును. మన గృహప్రవేశములకు వచ్చి, గోడలు తట్టి చూచి, పాతయిల్లే గట్టిదని సణిగి, అక్షతలు చల్లి పోవు తాతగారి వంటివాఁడు! 1995లో 'వాయేజర్'నకు వచ్చిన క్వార్క్ అను వర్తకుఁడు ఒక పడుచు అధికారిని మోసగింపఁజూచుట తప్ప చేసినది లేదు.

మాకు నచ్చిన చుట్టము పికార్డ్. 1990లో ప్రదర్శితమైన కథలో బోర్గ్ అను శత్రువులు ఆతనిని చెఱపట్టి, సగము యంత్రముగా మార్చి, స్వజనముపైకే నడిపించిరి. వుల్ఫ్ 359 కడ జరిగిన ఆ సంహారమును తల్లికథ చూపలేదు. శకలములను మాత్రమే చూపెను. 1993 జనవరిలో మొదలైన 'డీప్ స్పేస్ నైన్' ఆ యుద్ధముతోడనే తెర యెత్తినది. అందు నాయకుఁడైన సిస్కో భార్య జెన్నిఫర్ మరణించును. తల్లిలేని కుమారునితో అతఁడు బయటపడును. పిదప పై యధికారిగా ఎదుటికి వచ్చినవాఁడు పికార్డే. మనమెన్నఁడైన కలిసితిమాయని అడుగును. యుద్ధములో కలిసితిమని సిస్కో చెప్పును. పికార్డ్ ముఖము వాడిపోవును. పరవశుఁడనై చేసితినని ఆతఁడు సమర్థించుకొనఁడు. నిజమునకు ఆ మాట చెప్పుకొనుటకు ఆతనికి హక్కు కలదు.

మన పెద్దలు క్రొత్తయింటికి దీవింప వత్తురు. పాతయింటిలో తమ చేతిమీదుగా జరిగిన దానికి బదులు చెప్ప రారు. చిన్ననాఁడు బడి మాన్పింపఁబడిన ఆడుబిడ్డ, మాన్పించినవారి పాదములకే మ్రొక్కి అక్షతలు వేయించుకొనవలెను. ఆనాఁటి ఆచారమట్లుండెనని వారందురు. అది కొంత నిజమే కావచ్చును; కాని ఆ బిడ్డ ముఖమువంక ఒక్కమాఱైన చూచి అనరాదా?

కథ తుదకు సిస్కో ఆ కొలువులో నిలువ నిశ్చయించుకొనును. క్షమింపుమని ఒకరడుగరు, క్షమించితినని ఒకరనరు, చేయి కలుపుదురు. 'డీప్ స్పేస్ నైన్' 1999 వఱకు సాగినది. పికార్డ్ అందు మరల రాలేదు.